చేపల రేవులో వ్యవస్థా సిద్ధాంతం

సమాజశాస్త్రంలో పీజీ చేరిన విద్యార్థికి మొదట నేర్పే పాఠం, సమాజమంటే మనుషులూ వారి మధ్య ఉండే సంబంధాలూ అని. వ్యవస్థా సిద్ధాంతాన్ని నిర్మించిన జర్మన్ సమాజశాస్త్రజ్ఞుడు నిక్లాస్ లూమన్ దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం నిలబడదు. సమాజం భావప్రసారాలతో ఏర్పడుతుందనీ, మనుషులు దాని లోపల కాక దాని పరిసరంలో ఉంటారనీ ఆయన ప్రతిపాదించారు. తరగతిలో ఇది చర్చకు వచ్చినప్పుడు ఎక్కువమంది దీన్ని మనిషిని లెక్కచేయని సిద్ధాంతంగానే తీసుకున్నారు. కులం, పేదరికం, వలస కళ్లెదుట కనిపించే దేశంలో ఇటువంటి నిర్వచనంతో ఏం చేసుకోవాలని కూడా అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే విశాఖపట్నం చేపల రేవులో జరిగే వేలంపాటల మీద పరిశోధనా వ్యాసం కోసం పని మొదలుపెట్టిన తరువాత, ఆ నిర్వచనం వినడానికి ఉన్నంత నిర్దయమైనది కాదనీ, మన రేవులనూ సంతలనూ గుళ్లనూ అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన పనిముట్లలో అదే పదునైనదనీ నమ్మకం కుదిరింది. అది ఎక్కడిదాకా తెగుతుందో, ఎక్కడ మన అనుభవం దానికి ఎదురు ప్రశ్న వేస్తుందో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

లూమన్ 1927లో జర్మనీలోని ల్యూనెబుర్గ్‌లో పుట్టారు. న్యాయశాస్త్రం చదివి, కొన్నేళ్లు ప్రభుత్వ పాలనా విభాగంలో ఉద్యోగం చేశారు. 1960-61లో హార్వర్డ్‌కు వెళ్లి అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు టాల్కట్ పార్సన్స్ దగ్గర చదువుకున్నారు. కొత్తగా ఏర్పడిన బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరినప్పుడు, తన పరిశోధనాంశం సమాజ సిద్ధాంతమనీ, దానికి పట్టే కాలం ముప్ఫై ఏళ్లనీ, ఖర్చు ఏమీ లేదనీ తెలియజేశారు. అన్నట్టే 1997లో సమాజం మీది రెండు సంపుటాల గ్రంథాన్ని వెలువరించి, మరుసటి సంవత్సరం కన్నుమూశారు. ఆయన జీవితకాలంలో రాసి దాచుకున్న దాదాపు తొంభై వేల చీటీల గురించి చాలామంది రాస్తుంటారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఆయన చేసిన గుమాస్తాగిరీ లాంటి ఆ పాలనా ఉద్యోగం. ప్రభుత్వ కార్యాలయంలో ఒక దస్త్రం ఎలా కదులుతుందో దగ్గరగా చూసినవారికి, అధికారి బదిలీ అయినా దస్త్రం ఆగదని తెలుసు. ముందటి నోట్ మీద తరువాతి నోట్ పడుతుంది. ఆ నోట్ రాసిన మనిషి మనసులో ఏముందో దస్త్రానికి అందదు, కాగితం మీదికి వచ్చినదే అందుతుంది. మనుషులు పరిసరంలో ఉంటారన్న మాటకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

పార్సన్స్ నుంచి లూమన్ తీసుకున్న ప్రధాన సమస్యకు ద్వంద్వ అనిశ్చితి అని పేరు. ఇద్దరు వ్యక్తులు ఎదురుపడినప్పుడు, నేను ఏం చేస్తానన్నది మీరు చేసేదాని మీద, మీరు ఏం చేస్తారన్నది నేను చేసేదాని మీద ఆధారపడి ఉంటే, ఇద్దరిలో ఎవరూ మొదటి అడుగు వేయలేరు. ఇద్దరికీ ముందే ఉమ్మడి విలువలు ఉండటం వల్ల ఈ చిక్కు విడిపోతుందని పార్సన్స్ 1951 నాటి తన గ్రంథంలో వాదించారు. అంటే సంస్కృతి ముందుగానే సిద్ధంగా ఉండి, సమాజాన్ని నిలబెడుతుందన్నమాట. లూమన్ దీనికి ఒప్పుకోలేదు. ఉమ్మడి విలువలు లేని చోట కూడా వ్యవహారం మొదలవుతుంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు, ఒక సైగ చేస్తారు, ఒక ధర చెబుతారు. దానికి అవుననో కాదనో మరొకరు స్పందించిన క్షణం నుంచి, తరువాతి మాటకు ఒక ఆధారం ఏర్పడుతుంది. విలువలు ఆ వరుసలోంచి తరువాత పుట్టవచ్చు, పుట్టకపోవచ్చు. విశాఖ వంటి ఊరికి ఈ వాదం బాగా నప్పుతుందని నా అభిప్రాయం. 1933లో రేవు తెరుచుకున్నప్పటి నుంచీ ఓడల కర్మాగారం, నౌకాదళం, ఉక్కు కర్మాగారం ఒకదాని వెంట ఒకటి వచ్చి, ఒడియా వారినీ బెంగాలీలనూ బీహారీలనూ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వారినీ ఒకచోట చేర్చాయి. కంచరపాలెం వైపు, బర్మా నుంచి తిరిగి వచ్చినవారిని గుర్తుచేసే బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. వీరందరూ ముందుగా విలువల మీద ఒప్పందానికి వచ్చి ఈ ఊళ్లో బతుకు మొదలుపెట్టలేదు.

భావప్రసారం అన్న మాటను లూమన్ వాడిన తీరు విద్యార్థులను ఎక్కువగా తికమకపెడుతుంది. ఒకరి బుర్రలో ఉన్నదాన్ని మరొకరి బుర్రలోకి చేరవేయడం ఆయన ఉద్దేశంలో భావప్రసారం కాదు. అందులో మూడు ఎంపికలు ఉంటాయి: చెప్పగలిగిన అనేక సంగతులలోంచి ఒకటి, చెప్పగలిగిన అనేక తీరులలోంచి ఒకటి, అర్థం చేసుకోగలిగిన అనేక విధాలలోంచి ఒకటి. మూడూ కలిసినప్పుడే ఒక భావప్రసారం పూర్తవుతుంది, అది కూడా తరువాతి భావప్రసారం దానికి తగులుకున్నప్పుడే తెలుస్తుంది. చిలీ జీవశాస్త్రజ్ఞులు హుంబర్టో మాతురానా, ఫ్రాన్సిస్కో వరేలా 1970లలో జీవకణం గురించి ప్రతిపాదించిన ఆటోపోయసిస్ భావనను ఆయన ఇక్కడికి తెచ్చుకున్నారు. కణం తన భాగాలను తన భాగాలతోనే తయారు చేసుకుంటుంది, సమాజం తన భావప్రసారాలను తన భావప్రసారాలతోనే తయారు చేసుకుంటుంది. మనుషుల చైతన్యం లేకుండా ఇది జరగదు. కానీ ఏ చైతన్యమూ పూర్తిగా ఇందులోకి రాదు.

ఈ చివరి వాక్యంలోనే మనిషికి దక్కవలసిన గౌరవం ఉందని నేను నమ్ముతాను. మనిషి సమాజంలో ఒక భాగమైతే, సమాజాన్ని పూర్తిగా వివరించినప్పుడు మనిషిని కూడా వివరించినట్టే అవుతుంది. మనిషి పరిసరంలో ఉంటే, ఏ వర్గీకరణకూ, ఏ జనాభా లెక్కకూ, ఏ కులపట్టికకూ చెందనిది అతనిలో ఎంతో మిగిలి ఉంటుంది. లూమన్ కూడా, వ్యవస్థ కంటే పరిసరమే ఎప్పుడూ ఎక్కువ సంక్లిష్టమైనదని అంటారు. అటువంటప్పుడు మనిషిని పరిసరంలో ఉంచడం తక్కువ చేయడం ఎలా అవుతుంది? క్షేత్రపరిశోధన చేసేవారికి ఇది క్రమశిక్షణ కూడా నేర్పుతుంది. రేవులో నాతో మాట్లాడిన మనిషిని నేను తెలుసుకున్నానని రాయకూడదు, నాకు తెలిసింది మా మధ్య నడిచిన మాట మాత్రమే.

ఇక సంక్లిష్టత. ఈ మాటను మన పత్రికల్లో చిక్కుగా ఉన్న ప్రతిదానికీ వాడుతుంటారు. సిద్ధాంతంలో దీనికి కచ్చితమైన అర్థం ఉంది. పది అంశాలు ఉన్నచోట జతలు 45, వంద ఉన్నచోట 4,950, వెయ్యి ఉన్నచోట 4,99,500. అంశాలు పెరిగే కొద్దీ ప్రతిదాన్నీ ప్రతిదానితో ముడిపెట్టడం అసాధ్యమవుతుంది కాబట్టి ఎంపిక తప్పదు. ఎంపిక తప్పని స్థితినే లూమన్ సంక్లిష్టత అన్నారు. 1956లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రాస్ యాష్బీ, వైవిధ్యాన్ని వైవిధ్యమే అదుపు చేయగలదని ఒక సూత్రం చెప్పారు. లూమన్ దాన్ని మలచి, సంక్లిష్టతను తగ్గించగలిగేది సంక్లిష్టతే అన్నారు. బయటి గందరగోళాన్ని తట్టుకోవాలంటే వ్యవస్థ తన లోపల కొన్ని తేడాలను, విభాగాలను, అలవాట్లను పెంచుకోవాలి.

వేలంపాటలో ఇది కళ్లకు కడుతుంది. తెల్లవారకముందే మరపడవలు రేవుకు చేరతాయి. ఒక్కో పడవలోంచి కోనం, చందువ, సూర, కానాగంతలు, కవ్వళ్లు, రొయ్యలు, పీతలు దిగుతాయి. వాటి పరిమాణం వేరు, తాజాదనం వేరు, ఐసులో ఎన్ని రోజులున్నాయన్నది వేరు. కొనేవారిలో ఎగుమతి కంపెనీలకు సరుకు పంపేవారు, ఊళ్లోని మార్కెట్లకు తీసుకెళ్లేవారు, హోటళ్ల వాళ్లు, గంపతో వీధి వీధీ తిరిగి అమ్మే ఆడవాళ్లు ఉంటారు. ఇన్ని రకాల సరుకుకూ ఇన్ని రకాల అవసరాలకూ మధ్య సాధ్యమయ్యే జతలన్నిటినీ ఎవరూ లెక్కించలేరు. పాట పాడేవాడు చేసేది ఒక్కటే, రాశి ముందు నిలబడి ఒక అంకె చెబుతాడు. ఆ అంకెకు ఎవరో తల ఊపుతారు, అంకె పెరుగుతుంది, ఆగుతుంది, రాశి చేతులు మారుతుంది. సముద్రం ఎంత లోతున వల వేశారో, కలాసీలు ఎన్ని రాత్రులు నిద్రలేకుండా ఉన్నారో, డీజిలుకు ఎంత అయిందో ఏదీ ఆ అంకెలో నేరుగా కనిపించదు. కనిపించకపోవడం వల్లనే పాట కొన్ని నిమిషాల్లో ముగిసి, ఐసు కరిగేలోగా సరుకు బయటపడుతుంది. పాట సంక్లిష్టతను తగ్గిస్తుందంటే అర్థం ఇదే. తగ్గించడమంటే విడిచిపెట్టడం కూడా. దేన్ని విడిచిపెట్టిందో వెతకడమే పరిశోధకురాలి పని.

వెతికితే మొదట బయటపడేది అప్పు. చాలా పడవలకు వల, ఇంజను, ఐసు, డీజిలు కొనడానికి ముందుగా డబ్బు ఇచ్చేవారు ఉంటారు, ఇచ్చినవారికే సరుకు చేర్చాలన్న కట్టుబాటు ఆ డబ్బుతో పాటు వస్తుంది. ఒక పెద్దావిడ, గంప దించుకుని కూర్చుని, నాతో అన్న మాట నా నోటు పుస్తకంలో అలాగే రాసి పెట్టుకున్నాను: “పాట అందరిదీని పాపా, సరుకు మాత్రం ముందే ఆల్లది.” ఆవిడ దృష్టిలో ఇందులో మోసం ఏమీ లేదు. పాట జరగాలి, ఎందుకంటే ఆ రోజు ధర ఎంతో అందరికీ తెలియాలి, అప్పులో ఎంత తీరిందో ఆ ధరను బట్టే లెక్క కడతారు. సరుకు ఎవరికి పోవాలన్నది వేరే చోట, వేరే కాలంలో, పెళ్లిళ్లలోనూ పండగల్లోనూ కలుసుకునే మనుషుల మధ్య నిర్ణయమైపోయి ఉంటుంది. లూమన్ పరిభాషలో చెప్పాలంటే ఆర్థిక వ్యవస్థ చెల్లించడం, చెల్లించకపోవడం అనే ఒకే జంట సంకేతం మీద నడుస్తుంది. రేవులో కూడా అంతే. కానీ ఎవరిని నమ్మి ముందుగా చెల్లించాలన్న చోట ఆ సంకేతం తనంతట తాను ఏమీ చెప్పలేదు.

కులం ప్రశ్న ఇక్కడే వస్తుంది. లూమన్ చరిత్రను సమాజ విభజన రూపాల చరిత్రగా చూశారు. ఒకే రకమైన కుటుంబాలు, ఊళ్లు పక్కపక్కన ఉండే రూపం ఒకటి, కేంద్రమూ అంచులూ ఉన్న రూపం మరొకటి, అంతస్తుల రూపం ఇంకొకటి, ఆధునిక కాలంలో చట్టం, ఆర్థికం, రాజకీయం, విజ్ఞానం, విద్య వంటివి దేనికది తన పని చూసుకునే రూపం చివరిది. చివరిది వచ్చాక అంతస్తులు మిగిలినా అవి సమాజపు ప్రధాన క్రమం కాజాలవని ఆయన వాదం. మన దేశంలోని చర్చ మరోలా సాగింది. ఫ్రెంచి మానవశాస్త్రజ్ఞుడు లూయీ ద్యూమాన్ 1966లో కులాన్ని శుద్ధి, మైల అనే ఒకే ద్వంద్వం మీద నిలిచిన సంపూర్ణ వ్యవస్థగా చూపారు. మన సమాజశాస్త్రజ్ఞుడు ఎం.ఎన్. శ్రీనివాస్ క్షేత్రపరిశోధన అంత నున్నటి చిత్రాన్ని ఒప్పుకోలేదు. భూమి, సంఖ్యాబలం, రాజకీయ ప్రాబల్యం కులాల స్థానాలను ఎలా కదిలిస్తాయో ఆయన చూపారు. నాకు శ్రీనివాస్ దారే సరైనదిగా తోస్తుంది. కానీ రేవులో నేను చూసినదాన్ని రాయడానికి ఆ ఇద్దరి పరిభాషలూ చాలలేదు.

నా వాదం ఏమిటంటే, నేటి రేవులో కులం చట్టంలా, ఆర్థికంలా తనకంటూ ఒక సంకేతం ఉన్న వేరే వ్యవస్థగా పనిచేయడం లేదు, పాత కాలపు శేషంగా ఒక మూల పడి ఉండటమూ లేదు. ద్వంద్వ అనిశ్చితి ఎక్కువగా ఉన్న చోట, అంటే ఇంకా మాట మొదలుకాని చోట, ఎవరిని ముందుగా నమ్మవచ్చో సూచించే గుర్తుగా అది పనిచేస్తోంది. మత్స్యకార కులమైన వాడబలిజ కుటుంబం నుంచి వచ్చిన యువకుడికి పడవ నడిపే సరంగుగా అవకాశం ఇచ్చేటప్పుడు, జాలారి పేటలో పుట్టిన ఆడమనిషికి ఒక గంపెడు చేపలు చేబదులుగా ఇచ్చేటప్పుడు, బ్యాంకు అడిగే కాగితాలను ఎవరూ అడగరు, తండ్రి పేరు, పేట పేరు అడుగుతారు. ఆ జవాబు అప్పు నిబంధనను, ఉద్యోగాన్ని, సరుకు దారిని నిర్ణయిస్తుంది. వ్యవస్థలు ఒకదానికొకటి తగిలే అతుకుల దగ్గర కులం ఇంకా కూర్చుని ఉందని నేను అనుకుంటున్నాను. లూమన్ సిద్ధాంతంలో ఈ అతుకులకు చోటుంది, నిర్మాణాత్మక జోడింపు అని ఆయన వాటిని పిలిచారు. కానీ ఆయన ఇచ్చిన ఉదాహరణలు రాజ్యాంగం, ఆస్తి, ఒప్పందం వంటివి. పేట పేరు ఆ వరుసలో చేరగలదని చూపించవలసిన బాధ్యత మన విద్యార్థులదే.

చట్టం విషయానికి వస్తే, రింగు వలల వివాదం కంటే మంచి పాఠం లేదు. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల వరకు ఉన్న నీళ్లను సంప్రదాయ మత్స్యకారుల తెప్పలకు వదిలిపెట్టి, యంత్రంతో నడిచే పడవలు ఆ ఆవల వేటాడాలన్నది నియమం. రింగు వల ఒక్కసారిగా కవ్వళ్ల, కానాగంతల గుంపును మొత్తంగా చుట్టేస్తుంది. 2022 జనవరిలో ఈ వలల విషయమై పెదజాలారిపేట, వాసవానిపాలెం ప్రాంతాల మత్స్యకారుల మధ్య ఘర్షణ జరిగి, పోలీసులు 144 సెక్షన్ పెట్టి, మంత్రులు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడవలసి వచ్చింది. అప్పటి వార్తలను వరుసగా చదివితే ఒకే సంఘటన ఎన్ని ముక్కలుగా విడిపోయిందో తెలుస్తుంది. చట్టం దూరాన్నీ వలకన్నునూ అడిగింది. రాజకీయం ఏ పేట ఎటువైపు ఉందని చూసింది. ఊరిపెద్దలు ఎవరు ఎవరి మాట తప్పారని అడిగారు. మత్స్య విజ్ఞానం గుడ్లు పెట్టే కాలాన్ని, చిన్న చేపల పరిమాణాన్ని అడిగింది. వీటిలో ఏ ప్రశ్నకు వచ్చిన జవాబూ మరో ప్రశ్నకు జవాబు కాలేదు. అందరూ ఒకే మాట మీద ఉంటే సమస్య తీరేదని పత్రికలు రాశాయి. అన్ని వైపులవారికీ ఒకే మాట ఉండే చోటు ఆధునిక సమాజంలో లేదనే కదా ఈ సిద్ధాంతం చెబుతున్నది.

సముద్రం సంగతి ఇంకా కష్టం. చేపలు తగ్గిపోతే సమాజానికి ఆ తగ్గుదల నేరుగా తగలదు. ధర పెరిగినప్పుడు ఆర్థిక వ్యవస్థకు, కేసు పడినప్పుడు చట్టానికి, ఎన్నిక దగ్గరపడినప్పుడు రాజకీయానికి, అంకెలు వెలువడినప్పుడు విజ్ఞానానికి, ఇలా ఒక్కొక్కదానికి దాని భాషలో తగులుతుంది. పర్యావరణ ప్రమాదాల మీద 1986లో రాసిన పుస్తకంలో లూమన్ ఈ మాటను విస్తారంగా వివరించారు. 2023 నవంబరులో రేవులో మంటలు చెలరేగి పదుల సంఖ్యలో పడవలు కాలిపోయినప్పుడు కూడా ఇదే వరుస కనిపించింది. దర్యాప్తు ఒకవైపు, నష్టంలో 80 శాతం భరిస్తామన్న ప్రభుత్వ ప్రకటన మరోవైపు, బీమా ఉందా లేదా అన్న విచారణ ఇంకోవైపు. కాలిన పడవల యజమానులు ఈ వ్యవస్థలన్నిటికీ వేర్వేరు పేర్లతో కనిపించారు. ఆ పడవల సరుకు మీద బతికే గంపల ఆడవాళ్లు వీటిలో చాలావాటికి కనిపించనే లేదు.

కనిపించకపోవడం గురించి లూమన్ చివరి దశలో రాసినవి నాకు ఎక్కువ విలువైనవి. బ్రెజిల్ నగరాల మురికివాడలను చూసిన తరువాత, చేర్పు, వెలి అనే విభజన మిగతా విభజనల కంటే బలమైనదవుతోందేమోనని ఆయన రాశారు. ఒక వ్యవస్థ నుంచి వెలి అయినవారు మిగతావాటి నుంచి కూడా వరుసగా వెలి అవుతారు. చిరునామా లేకపోతే గుర్తింపు కాగితం ఉండదు, కాగితం లేకపోతే బ్యాంకు ఖాతా ఉండదు, ఖాతా లేకపోతే సాయం అందదు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు వేట నిషేధం ఉంటుంది. ఆ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి నమోదైన పడవల మీద వేటకు వెళ్లేవారికి వస్తుంది. చేపలు రాని ఆ రోజుల్లో అమ్ముకోవడానికి ఏమీ లేని ఆడవాళ్లు ఆ పట్టికలో లెక్కకు రారు, ఎందుకంటే పడవ మీద వారికి చోటు లేదు. చేప మీద బతకడంలో వారు పూర్తిగా లోపల ఉన్నారు, భృతి దగ్గర పూర్తిగా బయట ఉన్నారు. కులం ఒక్కటే ఈ వెలిని వివరించదు, ఆడతనం ఒక్కటే వివరించదు. పట్టిక ఏ గీత గీసిందో చూడాలి.

సాంస్కృతిక సంక్లిష్టత అనే రెండో పాఠ్యాంశాన్ని మాకు వ్యవస్థా సిద్ధాంతం నుంచి వేరుగా బోధించారు. ఈ రెండింటినీ కలిపి చదవడం నా సొంత పట్టుదల. 1871లో బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టైలర్ సంస్కృతిని ఒక సంక్లిష్ట సమగ్రతగా నిర్వచించినప్పటి నుంచి, ఆ సమగ్రతను ఒక సమూహంలోని అందరూ సమానంగా పంచుకుంటారన్న ఊహ చాలాకాలం కొనసాగింది. 1969లో నార్వే మానవశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్రిక్ బార్త్, సమూహాలను నిలిపేది వాటి లోపలి సంస్కృతి కంటే వాటి మధ్య గీసుకునే సరిహద్దు అని చూపారు. స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ హానర్జ్ 1992లో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఆయన దృష్టిలో సంస్కృతికి మూడు పార్శ్వాలు: మనసులోని భావాలు, ఆ భావాలు బయటపడే రూపాలు, ఆ రెండూ జనంలో పంపిణీ అయ్యే తీరు. మూడోదే సంక్లిష్టతకు మూలం. ఎవరికి ఏమి తెలుసు, ఎవరికి ఏమి తెలియదని ఎవరికి తెలుసు అన్నవి ఎంత అసమానంగా ఉంటే సంస్కృతి అంత సంక్లిష్టమవుతుంది. అర్థాలు ప్రవహించే దారులుగా ఆయన జీవనరీతి, మార్కెట్, రాజ్యం, ఉద్యమం అనే నాలుగింటిని గుర్తించారు. విశాఖ వాసులకు ఉద్యమం అన్న మాట వినగానే 1966 నాటి ఉక్కు ఉద్యమం గుర్తుకు వస్తుంది. ఆ నాలుగు దారులూ ఒకదాన్నొకటి కోసుకుంటూ సాగిన చరిత్ర ఈ ఊరిది.

పంపిణీ అన్న ఆలోచనతో చూస్తే మనకు బాగా తెలిసిన చోట్లు కూడా కొత్తగా తెరుచుకుంటాయి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భగుడి పైకప్పు లేదు, భక్తులు ఏ కులం వారైనా తామే అమ్మవారిని తాకి పసుపు కుంకుమలు పెడతారు. మార్గశిర మాసంలో వచ్చే ఆ జనంలో ఒక్కొక్కరికి ఆ తాకడం అంటే ఏమిటో వేరు. అయినా వరుస కదులుతుంది. అందరికీ ఒకే అర్థం ఉండవలసిన అవసరం లేకుండానే ఒక క్రతువు సాఫీగా నడుస్తుందనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి? అరకులోయ, పాడేరు వైపు సంతలలో ఇది మరీ స్పష్టంగా ఉంటుంది. గదబలలో కొందరి భాష ముండా కుటుంబానికి చెందింది, కొందరిది ద్రావిడ కుటుంబానికి చెందింది. సంతలో వారు ఆదివాసీ ఒడియాలో బేరం చేస్తారు, ఆఫీసులో తెలుగులో అర్జీ పెడతారు. ఇంట్లో మాట్లాడే భాషలో సంతకు పనికివచ్చే మాటలు కొన్నే, సంత భాషలో ఇంటికి పనికివచ్చేవి ఇంకా కొన్నే. మైదానం నుంచి వెళ్లిన వర్తకుడికి ఆ రెండింటి మధ్య ఉన్న దూరం తెలియదు, తెలియదని గదబ స్త్రీకి తెలుసు. బేరంలో ఆమె బలం అక్కడే ఉంటుంది. ఆ బలం ఎంత పరిమితమైనదో కూడా చెప్పాలి, ఎందుకంటే తూకం రాయి వర్తకుడి చేతిలో ఉంటుంది.

లూమన్‌కు సంస్కృతి అనే భావన మీద పెద్దగా గౌరవం లేదు. పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపాలో, పోల్చి చూసే అలవాటులోంచి అది పుట్టిందనీ, దేన్నైనా దానిలో వేసుకోవచ్చనీ ఆయన అభ్యంతరం. ఈ ఒక్క విషయంలో నేను ఆయనతో పూర్తిగా విభేదిస్తాను. ఒక భావప్రసారం తరువాత ఏ భావప్రసారం రాగలదో వ్యవస్థ సంకేతం కొంతవరకే నిర్ణయిస్తుంది. మిగతాది, ఎదుటివారు దేన్ని ఎలా అర్థం చేసుకుంటారన్న ఊహల నిల్వ నిర్ణయిస్తుంది. ఆ నిల్వ అందరి దగ్గరా ఒకేలా లేదని హానర్జ్ చెబుతున్నారు. లూమన్ మూడో ఎంపిక, అంటే అర్థం చేసుకోవడం, హానర్జ్ మూడో పార్శ్వం, అంటే పంపిణీ, ఈ రెండూ ఒకేచోట కలుస్తాయి. పాటలో ఎగుమతి ఏజెంటు తల ఊపితే దాని వెనుక విదేశీ మార్కెట్ ధర ఉందని రేవులో అందరికీ తెలుసు. గంప మనిషి తల ఊపితే దాని వెనుక ఎవరి అప్పు ఉందో కొందరికే తెలుసు. సంకేతం ఒకటే, రాశి ఒకటే, తల ఊపడం ఒకటే. తరువాత ఏం జరుగుతుందన్నది మాత్రం ఆ తెలియడంలోని తేడాను బట్టి మారిపోతుంది.

ఈ సిద్ధాంతం అధికారాన్ని, అన్యాయాన్ని ఖండించే చోటు మిగల్చదన్న విమర్శ పాతదే. 1971లో జర్మన్ తత్వవేత్త యూర్గన్ హాబర్మాస్, లూమన్ ఇద్దరి వాదప్రతివాదాలు ఒకే పుస్తకంగా వెలువడ్డాయి. ఈ సిద్ధాంతం ఉన్న వ్యవస్థను ఉన్నట్టే నిలబెట్టే సాంకేతికతగా మారుతుందని హాబర్మాస్ భయం. ఆ భయాన్ని తేలికగా తీసుకోకూడదు. అయినా రేవులో పని చేసిన మేరకు నాకు తెలిసింది, పట్టిక గీసిన గీతను కచ్చితంగా చూపించడం ఖండన కంటే ముందు జరగవలసిన పని అని. ఎవరు తప్పు చేశారని మొదలుపెడితే రేవులో ప్రతి ఒక్కరూ మరొకరిని చూపిస్తారు. ఏ మాట తరువాత ఏ మాట రాగలిగింది, ఏది రాలేకపోయింది అని మొదలుపెడితే, రాలేకపోయిన మాట ఎవరిదో తెలుస్తుంది.

కొత్తగా ఈ చదువులోకి వచ్చేవారికి ఒక సలహా. లూమన్‌ను ఆయన పెద్ద గ్రంథాలతో మొదలుపెట్టవద్దు. నమ్మకం మీద 1968లో రాసిన చిన్న పుస్తకంతో మొదలుపెట్టండి, అందులోని ప్రతి పేజీకీ మీ వీధిలోంచి ఒక ఉదాహరణ వెతకండి. మా గ్రంథాలయంలో ఇంగ్లీషు అనువాదాలు దొరుకుతాయి. తెలుగులో ఈ విషయాల మీద చర్చించే వ్యాసాలు రావాలి, అవి జర్మనీ గురించి కాక రేవు గురించి, సంత గురించి, పంచగ్రామాల భూముల గురించి ఉండాలి. సింహాచలం దేవస్థానానికీ ఆ గ్రామాల నివాసులకూ మధ్య దశాబ్దాలుగా నడుస్తున్న ఆ వివాదంలో మతం, చట్టం, రాజకీయం, ఆస్తి నాలుగూ కలిసి ఉన్నాయి. ఎవరైనా ఆ పని చేపడితే నా నోట్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

నా వ్యాసంలో ఇంకా రాయవలసిన అధ్యాయం వేట నిషేధ కాలం గురించి. సిద్ధాంతం ప్రకారం ఒక వ్యవస్థ దాని కార్యాలు ఒకదానికొకటి తగులుకుంటున్నంత సేపే ఉంటుంది. మరి మరపడవలన్నీ రేవులో కట్టేసి ఉన్న 61 రోజులూ పాట ఎక్కడ ఉంటుంది? జూన్‌లో పడవలు తిరిగి వచ్చిన తెల్లవారుజామున అది అదే మనుషుల మధ్య, అదే క్రమంలో ఎలా మొదలవుతుంది? అప్పు దాన్ని దాటిస్తుందని నా అనుమానం. నిషేధంలో ఇంటి ఖర్చుకు తీసుకున్న చేబదులు, వల కుట్టించడానికి ఇచ్చిన బయానా, వాయిదా అడగడానికి వెళ్లిన సాయంత్రాలు, ఇవన్నీ పాటకు సంబంధించిన భావప్రసారాలే కావచ్చు. అప్పు లెక్కలు రాసుకునే పుస్తకాలను చూపడానికి గంపల ఆడవాళ్లలో కొందరు ఒప్పుకున్నారు. వచ్చే ఏప్రిల్ మధ్య నుంచి ఆ పుస్తకాలలోని తేదీలను, నిషేధానికి ముందూ తరువాతా జరిగిన పాటలలో ఎవరి సరుకు ఎవరికి చేరిందన్న వరుసతో పక్కపక్కన పెట్టి చూడబోతున్నాను.